చాకలి సోడా: నాలుగు మార్కుల ప్రశ్న

మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. పరీక్షల ముందు దానికో అలవాటుంది. చదివింది ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఇంట్లో ఆ టైముకి దొరికేది నేనే. నేను చదివింది బి.ఏ. తెలుగు. సైన్సుతో నా పరిచయం పదో తరగతిలోనే ముగిసింది. అయినా పుస్తకం చేతిలో పట్టుకుని, అది చెప్పేదీ అచ్చులో ఉన్నదీ ఒకటేనా అని చూడ్డానికి సైన్సు రానక్కర్లేదు కదా!

ఆ రోజు పాఠం ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. "వాషింగ్ సోడా తయారీ, ధర్మాలు, ఉపయోగాలు రాయుము, నాలుగు మార్కులు" అని ప్రశ్న తనే చదువుకుని తనే గడగడా చెప్పేసింది. వంటసోడాని వేడిచేస్తే సోడియం కార్బొనేట్ వస్తుంది. దాన్ని నీళ్ళలో కరిగించి స్ఫటికాలు కట్టిస్తే వాషింగ్ సోడా. అందులో పది నీటి అణువులుంటాయి. గాజు, సబ్బు, కాగితం తయారీలో వాడతారు. నీటి కాఠిన్యం పోగొడుతుంది. అంతే, అయిపోయింది. అర నిమిషం పట్టలేదు.

"అమ్మా, ఇది మనింట్లో ఉందా?" అని అడిగింది. సింకు కింద డబ్బా చూపించి, "చాకలి సోడా అంటే ఇదే" అన్నాను. "ఛీ, అదేంటి, కులం పేరు పెట్టి అంటావు?" అంది. కిరాణా కొట్లో అడిగేటప్పుడు అందరం అదే మాట అంటాం. ఒక్కసారైనా ఆగి ఆలోచించలేదు. "ఆ పేరు ఎందుకొచ్చింది?" అని అడిగింది. నోటికొచ్చింది ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. ఆ తర్వాత రెండు వారాలు ఖాళీ దొరికినప్పుడల్లా ఆ సోడా వెంటే పడ్డాను. దానికి జవాబే ఈ వ్యాసం. కాస్త పెద్దది, ఓపిక చేసుకోండి.

మాది అనంతపురం వైపు పల్లె. మా అవ్వగారింటికి ఎండాకాలం సెలవుల్లో వెళ్ళేవాళ్ళం. ఊరి బయట ఒక బీడు ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే చూస్తే నేల మీద సన్నగా ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర. దాన్నే మా వైపు సవుడు అంటారు, పుస్తకాల్లో చవుడు, చౌడు అని రాస్తారు. నేల లోపలి తేమ ఎండకి పైకి లాక్కుంటూ వస్తుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఆ నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు పైన మిగిలిపోతాయి. అందులో ముఖ్యమైనది మా అమ్మాయి అప్పజెప్పిన సోడియం కార్బొనేటే. రైతుకి ఆ నేల శాపం. ఏమీ పండదు, వానపడితే జిగురు, ఎండితే రాయి. జిప్సం తోలించి బాగుచేసుకోవాలి.

కానీ అదే మట్టిని గంపలకెత్తి తీసుకుపోయేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మట్టిమిద్దెలున్నవాళ్ళు. వానాకాలం ముందు మిద్దె మీద చవుడు పరిస్తే నీళ్ళు దిగవు. ఆ మట్టిలోని సోడియం వల్ల బంకమట్టి రేణువులు విడివడి సందులన్నీ పూడుకుపోతాయట. మా అవ్వకి ఆ కారణం తెలీదు, కానీ ఎన్ని గంపలు పరవాలో కచ్చితంగా తెలుసు. రెండోవాళ్ళు ఊరి బట్టలు ఉతికేవాళ్ళు.

మా అవ్వ ఇంటికి బట్టలు ఉతికే ఆవిడ వయసులో మా అవ్వంత ఉండేది. మేం పిల్లలం ఆవిడని పేరు పెట్టి, నువ్వు అనే పిలిచేవాళ్ళం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది, అయినా దాచడం ఎందుకు? మాసిన గుడ్డలన్నీ మూటగట్టి, నల్లజీడి రసంతో పెట్టిన గుర్తులు చూసుకుని, గాడిద మీద వేసుకుని వంకకి తోలుకుపోయేది. అక్కడ చవుడు కలిపిన నీళ్ళలో గుడ్డలు ముంచి, పిండి, పెద్ద బాన మీద వరసలుగా పేర్చి, కింద రాత్రంతా మంట పెట్టేవాళ్ళు. కింద నీళ్ళు మరిగి ఆవిరి గుడ్డల్లోంచి పైకి వెళుతుంది. మన ఇడ్లీపాత్ర లెక్కన్నమాట. తెల్లారి బండ మీద ఉతికి, జాడించి, ఎండేసేవాళ్ళు. నా చిన్నప్పటికే అంగట్లో సోడా పాకెట్లు వచ్చేశాయి. కానీ దానికి డబ్బు పెట్టాలి, చవుడైతే ఊరికే వస్తుంది. తెల్ల పంచెలకి మాత్రం సోడా, మిగతా వాటికి చవుడు.

నాకు బాగా గుర్తున్నవి ఆవిడ చేతులు. అరచేతులు పాలిపోయి, వేళ్ళ కొసలు పగిలి, గోళ్ళ పక్కన ఎర్రగా ఉండేవి. ఎందుకట్లా ఉన్నాయని అడిగితే "సవుడు తినేసింది పాపా" అంది నవ్వుతూ. మా అమ్మాయి పుస్తకంలో "దీని జలద్రావణం క్షార స్వభావం కలిగి ఉంటుంది" అని ఒక వాక్యం ఉంది. ఆ రెండూ ఒకటే మాట అని నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది. క్షారం కొవ్వుని సబ్బుగా మార్చేస్తుంది. గుడ్డ మీది జిడ్డుని వదిలించేది ఆ గుణమే. చర్మంలో ఉండే నూనెని అదీ ఇదీ అని వేరు చూడదు, దాన్నీ లాగేస్తుంది.

ఇక్కడ నా బి.ఏ. తెలుగు బయటికొస్తోంది, క్షమించండి. క్షారము ప్రకృతి అయితే కారము వికృతి. ఇవాళ కారం అంటే మనకి మిరపకాయే గుర్తొస్తుంది. కానీ ఆ మాట మొదట నాలుకని, చర్మాన్ని కొరికే ఈ బూడిద ఉప్పులకి చెందింది. ఆయుర్వేదంలో సర్జక్షారం అనేది సోడా, యవక్షారం అనేది పొటాష్. అప్పడాల పిండిలో వేసే కారం కూడా ఈ కుటుంబానిదే, మిరప్పొడి కాదు.

ఇంకో మాట ఉంది, గాజు. సీసా చేసే పదార్థమూ గాజే, చేతికి వేసుకునేదీ గాజే. మన భాషలో ఆ రెంటికీ ఒకే పేరుందంటే మన ఇళ్ళలో గాజు ఎక్కువగా ఏ రూపంలో కనిపించేదో తెలుస్తోంది కదా. ఆ గాజు వెనక కూడా చవుడే. ఇసుక ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి, పల్లె కొలిమికి అది సాధ్యం కాదు. సోడా కలిపితే అంతకంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. 1800, 1801లో మైసూరు రాజ్యమంతా తిరిగి రాసుకున్న ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర, మా అనంతపురానికి పక్కనే ఉన్న చిత్రదుర్గం ప్రాంతంలో గాజుల తయారీ చూసి వివరంగా రాశాడు. అందులోనూ ఈ తెల్లమట్టే ముడిసరుకు.

మనకే కాదు, ఈజిప్టులో కూడా ఇదే కథ. అక్కడ వాది నత్రూన్ అనే లోయలో చెరువులు ఎండిపోయాక సోడా గడ్డలు మిగిలేవి. నేట్రాన్ అనేవారు. దాంతో బట్టలు ఉతికారు, గాజు చేశారు, చనిపోయిన రాజుల శరీరాల్లో తడి పీల్చడానికి దాన్నే కప్పారు. సోడియంకి గుర్తు "ఎస్"తో మొదలవ్వకుండా "ఎన్ ఏ" ఎందుకని మా అమ్మాయి ఎప్పుడో అడిగింది. ఆ నేట్రాన్ లోంచి పుట్టిన నేట్రియం అనే పేరులోని మొదటి రెండక్షరాలవి. లాటిన్ పేరని పుస్తకంలో ఉంది. అది ఎడారి చెరువు పేరని లేదు.

మరి నేలలో దొరికే ఈ సోడా పాకెట్లోకి ఎలా వచ్చింది? దానికి ఫ్రాన్సు దాకా వెళ్ళాలి.

యూరప్‌లో మన చవుడు లాంటి మట్టి తక్కువ. వాళ్ళు సముద్రపు ఒడ్డున పెరిగే ఉప్పు మొక్కల్ని కాల్చి ఆ బూడిదలోంచి సోడా తీసేవాళ్ళు. స్పెయిన్ బూడిదకి మంచి పేరు. స్కాట్లండ్ తీరంలో పేద కుటుంబాలు సముద్రపు నాచు ఏరి, ఎండబెట్టి, కాల్చి అమ్ముకునేవి. 18వ శతాబ్దం చివరికి సబ్బుకి, గాజుకి, బట్టల మిల్లులకి సోడా ఎంతున్నా చాలని పరిస్థితి. యుద్ధం వస్తే స్పెయిన్ నుంచి సరుకు ఆగిపోతుంది. అందుకని మామూలు ఉప్పులోంచి సోడా తీసే పద్ధతి చెప్పినవారికి 2,400 లీవ్రల బహుమతి ఇస్తామని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ప్రకటించింది. ఉప్పు అందరి దగ్గరా ఉంది. సోడా కొద్దిచోట్లే ఉంది. రెంటిలోనూ ఉన్నది సోడియమే, దాని జత మార్చాలి, అంతే. ఆ అంతే దగ్గరే చాలామంది ఆగిపోయారు.

చేసి చూపించినవాడు నికొలా లెబ్లాంక్. ఆర్లియన్స్ ప్రభువు దగ్గర వైద్యుడు. ఆయన పద్ధతి వంట చెప్పినట్టు చెప్పేయొచ్చు. ఉప్పులో గంధకామ్లం పోసి వేడిచేయాలి. ఘాటైన గ్యాసు పోయి ఒక తెల్లటి ముద్ద మిగులుతుంది, అది సోడియం సల్ఫేట్. దాన్ని సున్నపురాయి, బొగ్గుతో కలిపి దంచి కొలిమిలో కాల్చాలి. నల్లటి బూడిద గడ్డ వస్తుంది. ఆ గడ్డని నీళ్ళలో నానబెడితే సోడా నీళ్ళలోకి దిగుతుంది. వడగట్టి మరిగించుకుంటే సోడా. 1791లో పదిహేనేళ్ళకి పేటెంటు ఇచ్చారు. పారిస్ పక్కన సెయింట్ డెనిస్‌లో ప్రభువు డబ్బుతో ఫ్యాక్టరీ కట్టారు.

కాలం చూశారా, ఫ్రెంచి విప్లవం! 1793 నవంబరులో ఆ ప్రభువు తల గిలటిన్ కింద తెగింది. ఆయన ఆస్తితోపాటు ఫ్యాక్టరీ కూడా ప్రభుత్వం తీసేసుకుంది. దేశానికి అవసరమని 1794లో లెబ్లాంక్ పద్ధతిని అందరికీ తెలిసేలా అచ్చువేశారు. పేటెంటు కాగితం అలాగే ఉంది, రహస్యం పోయింది. బహుమతి డబ్బు రానేలేదు. తర్వాత నెపోలియన్ ఫ్యాక్టరీ తిరిగి ఇచ్చాడు గానీ నడపడానికి చేతిలో పెట్టుబడి లేదు. 1806లో లెబ్లాంక్ తనని తాను కాల్చుకుని చనిపోయాడు. అప్పటికి చుట్టుపక్కల వేరేవాళ్ళు అదే పద్ధతిలో సోడా చేసి బాగుపడుతున్నారు. ఇది చదివిన రోజు నాకు వంట మీద ధ్యాస నిలవలేదు, పప్పు అడుగంటింది.

అక్కడినుంచి కథ ఇంగ్లండుకి మారింది. అక్కడ ఉప్పు మీద పెద్ద పన్ను ఉండేది. 1825లో దాన్ని తీసేశారు. (తమ ఉప్పు మీద పన్ను అప్పుడే తీసేసుకున్నవాళ్ళు, మన ఉప్పు మీద మాత్రం పన్ను వేస్తూనే ఉన్నారు. దండియాత్ర జరిగినా పోలేదు, 1947 దాకా ఉంది.) ఉప్పు చౌకయ్యేసరికి లివర్‌పూల్, సెయింట్ హెలెన్స్, విడ్నెస్, గ్లాస్గోల్లో సోడా ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. సోడా చౌకైంది, దాంతో సబ్బు చౌకైంది. 1853లో సబ్బు మీద పన్ను కూడా పోయింది. అప్పటిదాకా ఉన్నవాళ్ళింటి వస్తువైన సబ్బు మామూలు ఇళ్ళకి చేరింది. ఆ శతాబ్దంలో ఆడవాళ్ళ ఇంటి పనిని మార్చిన వస్తువుల్లో ఇదీ ఒకటని నా లెక్క.

ఇప్పుడు ఆ ఘాటైన గ్యాసు దగ్గరికొద్దాం. ఉప్పు మీద గంధకామ్లం పోసినప్పుడు వచ్చేది హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి. దాదాపు 8 టన్నుల సోడా చేస్తే ఐదున్నర టన్నుల ఆ గ్యాసు, 7 టన్నుల చెత్త మిగిలేవి. గ్యాసుని గాలిలోకి వదిలేసేవాళ్ళు. చుట్టుపక్కల చెట్లు ఎండిపోయేవి, పైర్లు మాడిపోయేవి, ఇళ్ళలో ఇనుప తలుపు గడియలు తినేసుకుపోయేవి. చెత్త గుట్టల మీద వాన పడితే కుళ్ళిన గుడ్ల కంపు. జనం గొడవ చేస్తే యజమానులు పొగగొట్టాల ఎత్తు పెంచారు. 1842లో గ్లాస్గోలో టెన్నంట్ ఫ్యాక్టరీకి కట్టిన పొగగొట్టం ఎత్తు దాదాపు 435 అడుగులు. మన చార్మినార్‌కి రెండింతల పైమాటే. దానివల్ల జరిగిందల్లా పక్కింటికి తగిలే గ్యాసు పక్కూరికి తగలడం.

మందు 1836లోనే ఉంది. విలియం గాసేజ్ అనే ఆయన ఒక పాత గోపురం నిండా చెట్ల కొమ్మలు నింపి, పైనుంచి నీళ్ళు కారేలా చేసి, కిందనుంచి గ్యాసు పంపాడు. గ్యాసు నీళ్ళలో కరిగిపోయింది. ఇంత సులువైన ఉపాయం చేతిలో ఉన్నా, ఖర్చు మనకెందుకని చాలామంది పెట్టుకోలేదు. పెట్టుకున్నవాళ్ళు ఆ ఆమ్లం నీళ్ళని కాలవలో వదిలారు. చివరికి 1863లో బ్రిటిష్ పార్లమెంటు ఆల్కలీ చట్టం చేసింది. గ్యాసులో 95 శాతం పట్టుకోవాల్సిందే అంది, చూసిరావడానికి ఇన్‌స్పెక్టర్లని పెట్టింది. వాళ్ళకి పెద్ద అయిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872లో రాసిన పుస్తకంలోనే "ఆమ్ల వర్షం" అనే మాట ఉంది. గాలిని పాడుచేస్తే ప్రభుత్వం వచ్చి తనిఖీ చేయడం అనే పద్ధతి ఒక పెద్ద దేశంలో ఇలా మొదలైంది, బట్టలు ఉతికే సోడా వల్ల.

కానీ ఆ చట్టం ఫ్యాక్టరీ బయట గాలిని చూసింది. లోపల పనిచేసేవాళ్ళని కాదు. ఉప్పు, ఆమ్లం కలిపే పొయ్యిల దగ్గర పనిచేసే మగవాళ్ళు నోటికి గుడ్డలు కట్టుకుని, గుడ్డ పళ్ళతో కరిచిపట్టుకుని పనిచేసేవాళ్ళు. అయినా ఆ ఆవిరికి పళ్ళు అరిగి, నల్లబడి, రాలిపోయేవి. చట్టం వచ్చిన ముప్పై నాలుగేళ్ళ తర్వాత, 1897లో, రాబర్ట్ షెరార్డ్ అనే పత్రికారచయిత ఇంగ్లండులోని ఇలాంటి పనివాళ్ళ గురించి పుస్తకం రాస్తే దాని పేరు "ఇంగ్లండు తెల్ల బానిసలు". అందులో ఈ సోడా పనివాళ్ళకి ఒక అధ్యాయం ఉంది. ఆ గుడ్డ సంగతి చదివినప్పుడు నాకు వంకలో ఆవిడ చేతులే గుర్తొచ్చాయి. అక్కడ పళ్ళు, ఇక్కడ వేళ్ళు.

ఆ పొయ్యిలని మూయించింది చట్టం కాదు, ఇంకో పద్ధతి. బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే అనే కుర్రాడు, ఒంట్లో బాగోక విశ్వవిద్యాలయానికి వెళ్ళలేకపోయినవాడు, వాళ్ళ మామ గ్యాసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ మిగిలిపోయే అమ్మోనియా నీళ్ళని ఏంచేయాలా అని చూస్తూ 1861లో దారి కనిపెట్టాడు. తమ్ముడితో కలిసి కూయే అనే చోట ఫ్యాక్టరీ పెట్టి 1865లో సోడా తీయడం మొదలుపెట్టాడు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇది పొదుపైన ఇల్లాలి వంటిల్లులా ఉంటుంది. చిక్కటి ఉప్పునీళ్ళలోకి అమ్మోనియా పంపాలి. సున్నపురాయిని కాలిస్తే వచ్చే బొగ్గుపులుసు వాయువుని అందులోకే వదలాలి. అప్పుడు అడుగున తెల్లగా పేరుకునేది మన వంటసోడా. అది నీళ్ళలో అంత తొందరగా కరగదు కాబట్టి విడిపోతుంది. దాన్ని వేడిచేస్తే చాకలి సోడా. వేడిచేసినప్పుడు వచ్చే వాయువు మళ్ళీ పనికొస్తుంది. సున్నపురాయి కాల్చగా మిగిలిన సున్నం వేస్తే వాడేసిన అమ్మోనియా తిరిగి వచ్చేస్తుంది. గంజి పారబోయకుండా బట్టలకి పెట్టినట్టు, కడుగు కుడితిలో పోసినట్టు. చివరికి మిగిలేది కాల్షియం క్లోరైడ్ ఒక్కటే. లెబ్లాంక్ కొలిములు దీనికి పోటీ నిలవలేక, 1920ల మొదట్లో చివరివి కూడా ఆరిపోయాయి.

సాల్వేకి చాలా డబ్బొచ్చింది. 1911లో బ్రస్సెల్స్‌లో పెద్ద పెద్ద భౌతికశాస్త్రవేత్తలని కూర్చోబెట్టి ఆయన ఒక సమావేశం జరిపించాడు. ఐన్‌స్టీన్ కూడా ఉన్న ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. అంతమంది కోట్ల మధ్య ఒక్కరే ఆడమనిషి, మేరీ క్యూరీ. ఆ సమావేశం ఖర్చు చాకలి సోడా పెట్టిందని మా అమ్మాయికి చెబితే నమ్మలేదు, వెతికి చూసుకుంది.

మనదేశానికి వచ్చింది మొదట ఇంగ్లండు సోడానే. సాల్వే దగ్గర హక్కులు తీసుకుని 1873లో మొదలైన బ్రన్నర్ మాండ్ కంపెనీ, 1926లో అది కలిసిన ఐ.సి.ఐ., మన బజార్లలో ఆ సరుకే. గుజరాత్‌లో ధ్రాంగధ్రా దగ్గర 1920లలో ఒక ప్రయత్నం జరిగింది. 1939లో ఓఖా పక్కన సముద్రపు ఒడ్డున టాటా కెమికల్స్ పుట్టింది. ఆ ఊరికి మీఠాపూర్ అని పేరు పెట్టారు. మీఠు అంటే గుజరాతీలో ఉప్పు, తీపి అనుకునేరు. 2006 నాటికి అదే టాటా కెమికల్స్ ఇంగ్లండు వెళ్ళి బ్రన్నర్ మాండ్‌నే కొనేసింది. ఆ కొనుగోలుతో కెన్యాలోని మగాడి చెరువు కూడా వచ్చింది. అక్కడ సోడా ఎవరూ తయారుచేయక్కర్లేదు, వాది నత్రూన్‌లా చెరువులోనే గడ్డకడుతుంది.

అలా సముద్రాలు దాటి వచ్చిన వస్తువు మన ఊళ్ళలో ఎవరి పనిలోకి వచ్చిందో వాళ్ళ పేరే పెట్టుకుంది. చవుడు చేసే పని ఇదీ చేస్తుంది కాబట్టి చాకలి సోడా. ఆ పని ఎలా చేయించుకున్నామో కూడా చెప్పాలి కదా. మా ఊళ్ళో రోజుకింత సంగటి, సుగ్గి కాలంలో కల్లం దగ్గర గింజలు. నిజాం తెలంగాణలో దొరల గడీల్లో అదీ లేని వెట్టి. రజక కుటుంబంలో పుట్టిన చిట్యాల ఐలమ్మ 1940లలో పాలకుర్తిలో తన కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచింది ఆ వ్యవస్థలోనే. ఆవిడ 1985లో కన్నుమూశారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మ. మా అమ్మాయి ఛీ అన్న మాట అక్కడ బోర్డు మీద ఉంది. ఎవరు, ఏ గొంతుతో అంటున్నారు అన్నదాన్ని బట్టి ఒకే మాట తిట్టూ అవుతుంది, పేరూ అవుతుందని దానికి చెప్పాను. కొట్లో అడిగేటప్పుడు నేనేమనాలో మాత్రం ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి "బట్టల సోడా" అంటున్నాను. కొట్టతను "చాకలి సోడానా?" అని తిరిగి అడుగుతున్నాడు.

ఇంత చదివాక నాకు ఇంట్లో పనికొచ్చినవి కొన్ని చెబుతాను. గాజుపలుకుల్లా మెరిసే సోడా కొని సరిగ్గా మూత పెట్టకపోతే నాలుగు రోజులకి తెల్లటి పొడైపోతుంది. పాడైందని నేను పారేసేదాన్ని. పాడవ్వదు, నీళ్ళు ఆరిపోతాయి. ఆ పలుకుల బరువులో నూటికి 63 వంతులు నీళ్ళే! కాబట్టి పొడిగా మారిన సోడా సగం కన్నా తక్కువ వేసినా అదే పని చేస్తుంది. మా బోరునీళ్ళలో సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టేసుకుంటాయి. ముందే కాస్త సోడా కలిపితే అవి సున్నంలా విరిగి అడుక్కి దిగిపోతాయి, సబ్బు మిగులుతుంది. కానీ పట్టు, ఉన్ని బట్టల దగ్గరికి సోడాని రానివ్వకండి. అవి మన చర్మంలా మాంసకృత్తులతో అయినవి, క్షారం తినేస్తుంది. మా అమ్మలు పట్టుచీరకి కుంకుడుకాయ రసమే వాడింది అందుకే. అల్యూమినియం గిన్నెలకీ వద్దు, నల్లబడి గుంటలు పడతాయి. బజ్జీల పిండిలో వంటసోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది చూడండి, నూనె వేడికి అందులో కొంత బట్టల సోడాగా మారిపోవడమే కారణం. సాల్వే ఫ్యాక్టరీలో చివరి మెట్టు మన మూకుట్లో జరిగిందన్నమాట. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టకండి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చేతికి తొడుగు లేకుండా సోడా నీళ్ళలో చెయ్యి పెట్టకండి.

ఆ చివరి మాట టైపు చేస్తుంటే మా అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. వంకలో ఆవిడ గురించి రాసింది రెండుసార్లు చదివి, "ఆవిడ పేరేంటి?" అని అడిగింది. చెప్పాను. పేరు నాకు బాగానే గుర్తుంది, రోజూ పిలిచిన పేరే కదా. "ఇంటిపేరు?" అంది. తెలీదన్నాను. మా అమ్మకి ఫోన్ చేసి అడిగాం. అమ్మ కాసేపు ఆలోచించి, వాళ్ళ ఇల్లు ఎక్కడుండేదో చెప్పింది, కొడుకు బెంగళూరు వెళ్ళిపోయాడని చెప్పింది, ఆవిడ ఉతికిన పంచెలు ఎంత తెల్లగా ఉండేవో చెప్పింది. ఇంటిపేరు అమ్మకీ తెలీదు.